బ్లాక్‌చెయిన్‌కు జమాబందీ ఎవరు చేస్తారు?

మీ ఫోన్ తీసి సందేశాల పెట్టె ఒకసారి తెరవండి. బ్యాంకు నుంచో గ్యాస్ ఏజెన్సీ నుంచో వచ్చిన ఎస్సెమ్మెస్ ఏదైనా ఒకటి చూడండి. పంపినవారి పేరుండే చోట ఫోన్ నంబరు ఉండదు. మొదట రెండక్షరాలు, ఒక చిన్న గీత, ఆపైన ఆ సంస్థకు గుర్తుగా ఆరక్షరాలు ఉంటాయి. మొదటి అక్షరం సందేశాన్ని మోసుకొచ్చిన టెలిఫోన్ కంపెనీది. రెండోది అది బయలుదేరిన సర్కిల్‌ది. ‘ఏడీ’ అని ఉంటే ఎయిర్‌టెల్, ఢిల్లీ అన్నమాట. 2025 నుంచి చివర మరో గీతా, మరో అక్షరమూ చేరాయి. ప్రకటన అయితే పి, సేవా సమాచారమైతే ఎస్, లావాదేవీ అయితే టి, ప్రభుత్వానిదైతే జి.

ఆ ఆరక్షరాల పేరూ, దాని కింద మీరు చదివిన వాక్యపు నమూనా, దాన్ని పంపిన సంస్థ వివరాలూ ముందుగానే ఒక బ్లాక్‌చెయిన్‌లో నమోదై ఉండాలి. లేకపోతే ఆ సందేశం దారిలోనే ఆగిపోతుంది. అంటే, బిట్‌కాయిన్ అనే మాట వినగానే మనకెందుకులే అని పక్కకు జరిగిన వారు కూడా కొన్నేళ్లుగా బ్లాక్‌చెయిన్‌తో సంబంధం ఉన్నవారే. మన దేశంలో ఈ సాంకేతిక విజ్ఞానం సామాన్యుడి రోజువారీ బతుకును నిజంగా తాకిన చోటు ఇది. దాని గురించి జరుగుతున్న ప్రచారాన్ని తూచి చూడటానికి ఇంతకంటే మంచి తక్కెడ దొరకదు.

ముందు ఒక మాట సంగతి చెప్పాలి. నోయిడాలో ఉంటూ ఇంగ్లీషు సైన్సు వ్యాసాలను తెలుగులోకి తేవడం నా పని. బ్లాక్‌చెయిన్ మీద వచ్చే కాగితాల్లో రెండు విశేషణాలు పదేపదే తగులుతాయి. ఒకటి డిస్ట్రిబ్యూటెడ్, రెండోది డీసెంట్రలైజ్డ్. ఒకే వస్తువు పలుచోట్ల పరచి ఉండటం మొదటిదాని అర్థం. నిర్ణయించే అధికారం ఏ ఒక్కరి చేతిలోనూ లేకపోవటం రెండోదాని అర్థం. మన పత్రికల్లో తరచుగా రెండూ ‘వికేంద్రీకృతం’ అయిపోతున్నాయి. నేనూ చాలాకాలం అలాగే రాశాను. గడువు దగ్గరపడితే అనువాదం చేసేవారికి ముందుగా తోచిన మాటే సరైన మాట మరి. కానీ ఈ పొరపాటు నిఘంటువు దగ్గర ఆగేది కాదు.

నిజానికి ఈ తేడా తెలుగువారికి కొత్త కాదు. 1980ల నడుమ మన తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసు ఊరికి దగ్గరయింది. ఆఫీసు దగ్గర కావడం వేరు, నిర్ణయం దగ్గర కావడం వేరు అన్న సంగతి ఏ సర్పంచిని అడిగినా చెబుతారు. మొదటిది పంపిణీ. రెండోది వికేంద్రీకరణ.

కరణంగారి పుస్తకం

బ్లాక్‌చెయిన్ అంటే ప్రాథమికంగా ఒక పద్దు పుస్తకం. ప్రతి పేజీలోని రాతనంతా ఒక గణిత ప్రక్రియలో వేసి, చిన్న సంఖ్య ఒకటి రాబడతారు. దీన్ని హాష్ అంటారు. ఆ పేజీకి అది వేలిముద్ర వంటిది. పేజీలో ఒక్క కామా మారినా వేలిముద్ర పూర్తిగా మారిపోతుంది. ప్రతి కొత్త పేజీ తలమీద పాత పేజీ వేలిముద్ర రాసి ఉంటుంది కాబట్టి, ఎప్పుడో రాసిన పేజీని దిద్దాలంటే అక్కడి నుంచి చివరి దాకా అన్ని పేజీలనూ తిరగరాయాలి. ఇటువంటి పుస్తకం నకళ్లు వేలమంది దగ్గర ఉండి, కొత్త పేజీ ఏదో వారంతా ఒక నియమం ప్రకారం తేల్చుకునేటట్లయితే, ఎవరికీ తెలియకుండా పాత రాతను దిద్దడం దాదాపు అసాధ్యం. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్‌లో జరిగేది ఇదే.

ఇప్పుడు దీన్ని మన కరణంగారి పుస్తకంతో పోల్చి చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యేవరకూ ఊరి భూముల లెక్కలు కరణాల చేతిలోనే ఉండేవి. కరణం మీద రైతుకున్న భయం పుస్తకం కాలిపోతుందని కాదు. ఆయన ఏం రాస్తాడో అని. అంచేతనే ఏటా జమాబందీ జరిగేది. రెవెన్యూ అధికారి వచ్చి గ్రామ లెక్కలను తనిఖీ చేసేవారు. రైతులు తమ అభ్యంతరాలు చెప్పుకునేవారు. ఆ తనిఖీ ఎంత సక్రమంగా జరిగేదన్నది వేరే చర్చ. రాసే చేయి, సరిచూసే కన్ను ఒకే మనిషివి కాకూడదన్న సూత్రం మాత్రం అందులో ఉంది. బ్లాక్‌చెయిన్ గొప్పతనం కూడా అక్కడే ఉంది. అందులో జమాబందీ ఏడాదికోసారి కాదు, ప్రతి పేజీకీ జరుగుతుంది. చేసేది ఎవరైనా కావచ్చు. ఆ ‘ఎవరైనా’ అన్న మాట తీసేస్తే మిగిలేది నకళ్లు ఎక్కువగా ఉన్న కరణంగారి పుస్తకమే.

తలుపు దగ్గర ఎవరున్నారు?

2015లో ఇథీరియం వచ్చింది. బిట్‌కాయిన్ డబ్బు పద్దులకు పరిమితం కాగా, ఇథీరియం పుస్తకంలో చిన్న చిన్న ప్రోగ్రాములు కూడా రాసి ఉంచవచ్చు. ఒప్పందాలు, వేలాలు, అప్పులు, ఆటలు అన్నీ ఆ ప్రోగ్రాములే నడుపుతాయి. వీటి మీద కట్టిన అనువర్తనాలనే వికేంద్రీకృత అనువర్తనాలు అంటున్నారు. మధ్యలో కంపెనీ ఉండదు, సర్వరు ఉండదు, ఆపేవారు ఉండరు అన్నది వాగ్దానం.

అయితే అటువంటి అనువర్తనం ఒకటి తయారుచేయాలనుకునే నోయిడా కుర్రవాడి సంగతి ఆలోచించండి. అతని ప్రోగ్రాము ఇథీరియం పుస్తకాన్ని చదవాలి, అందులో రాయాలి. అందుకు సొంత నోడ్ ఉండాలి, అంటే పుస్తకం నకలు పెట్టుకుని ఎప్పటికప్పుడు సరిచూసే కంప్యూటర్. దానికి ఒక టెరాబైటుకు మించిన వేగవంతమైన డిస్కు కావాలి. నిరంతరం కరెంటు, ఇంటర్నెట్ కావాలి. ఎప్పటికప్పుడు సాఫ్ట్‌వేర్ మార్చుకుంటూ ఉండాలి. వేసవిలో కరెంటు పోయే మన కాలనీల్లో ఇది సరదా వ్యవహారం కాదు. అందుకే దాదాపు అందరూ చేసే పని ఒకటే: ఈ శ్రమంతా తానే పడి, ఇంటర్నెట్ మీద ఒక చిరునామా అద్దెకిచ్చే కంపెనీ దగ్గరకు వెళ్లడం. 2016లో మొదలైన ఇన్‌ఫ్యూరా, ఆ తర్వాత వచ్చిన ఆల్కెమీ ఈ రకం కంపెనీలే. పుస్తకం వేలమంది దగ్గర ఉంది. పుస్తకాన్ని చేరే తలుపులు మాత్రం కొద్దిమంది చేతిలో ఉన్నాయి.

తలుపు మూసుకుపోతే ఏమవుతుందో 2020 నవంబరు 11న తెలిసింది. ఇన్‌ఫ్యూరా తన కంప్యూటర్లలో నోడ్ సాఫ్ట్‌వేర్ పాత రూపాన్ని వాడుతోంది. అందులో ఒక లోపం ఉంది. కొత్త రూపంలో దాన్ని సరిదిద్దారు. ఆ లోపాన్ని కదిలించే లావాదేవీ ఒకటి ఆ రోజు వచ్చేసరికి పాత నోడ్లు తక్కిన పుస్తకంతో విడిపోయి తప్పుదారి పట్టాయి. ఇథీరియం ఆగలేదు. కానీ ఇన్‌ఫ్యూరా తలుపు ద్వారా దాన్ని చూసేవారందరికీ ఆగిపోయినట్లే కనిపించింది. మెటామాస్క్ అనే డబ్బుసంచీ వాడేవారు ఇబ్బంది పడ్డారు. పెద్ద ఎక్స్చేంజీలు ఇథీరియం చెల్లింపులు నిలిపివేశాయి. 2022 మార్చిలో మరొకటి జరిగింది. అమెరికా ఆంక్షలకు అనుగుణంగా ఏవో మార్పులు చేయబోయి ఇన్‌ఫ్యూరా పొరపాటున వెనిజులా వాసులకు దారి మూసేసింది. పొరపాటేనని ఒప్పుకొని వెంటనే తెరిచింది. తెరిచింది కాబట్టి సమస్య లేదనుకోవద్దు. మూయగలిగింది అన్నదే ఇక్కడ విషయం.

అదే ఏడాది జనవరిలో సిగ్నల్ సందేశ వ్యవస్థను స్థాపించిన మాక్సీ మార్లిన్‌స్పైక్ ఒక ప్రయోగాన్ని వివరించాడు. అతను ఒక డిజిటల్ బొమ్మను ఇథీరియంలో నమోదు చేశాడు. అది నచ్చక ఓపెన్‌సీ అనే అంగడి దాన్ని తన జాబితా నుంచి తొలగించింది. మరుక్షణం అతని సొంత డబ్బుసంచీలో కూడా బొమ్మ కనిపించకుండా పోయింది. బొమ్మ నమోదు పుస్తకంలో చెక్కుచెదరకుండా ఉంది. డబ్బుసంచీ చూసేది పుస్తకాన్ని కాదు, అంగడివాడి జాబితాను! ఈ రంగంలో నేను చదివిన విమర్శల్లో ఇంత క్లుప్తమైనది మరొకటి లేదు.

మార్చి 8, 2021

ఇక మన ఎస్సెమ్మెస్ పుస్తకం దగ్గరకు వద్దాం. అక్కర్లేని వాణిజ్య సందేశాల బెడదను తగ్గించడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 జులై 19న కొత్త నిబంధనలు తెచ్చింది. టెలిఫోన్ కంపెనీలన్నీ పంపిణీ లెడ్జర్లు, అంటే బ్లాక్‌చెయిన్ తరహా పుస్తకాలు పెట్టుకోవాలన్నది వాటిలో ముఖ్యమైనది. సందేశం పంపే ప్రతి సంస్థా అందులో పేరు నమోదు చేసుకోవాలి. ఆరక్షరాల గుర్తునూ నమోదు చేసుకోవాలి. పంపబోయే ప్రతి వాక్యపు నమూనానూ ముందే చూపించి ఆమోదం పొందాలి. ఖాతా నంబరు, మొత్తం వంటి మారే వివరాల చోట ఖాళీ గడులు ఉంచుతారు. సందేశం బయలుదేరినప్పుడు కంప్యూటర్ దాన్ని నమూనాతో పోలుస్తుంది. సరిపోతే పోనిస్తుంది, లేకపోతే ఆపేస్తుంది. దీన్ని స్క్రబ్బింగ్ అంటారు. మనం వడపోత అనుకుందాం. ఈ పుస్తకాల సాఫ్ట్‌వేర్‌లో బాగా వాడకంలో ఉన్న ట్రూబ్లాక్‌ను తయారుచేసింది హైదరాబాద్ కంపెనీ తాన్లా.

నిబంధనలు వచ్చినా వడపోత మొదలుకావడానికి ఏళ్లు పట్టింది. ఈలోగా తమ పేరుతో మోసపు సందేశాలు పంపి ఖాతాదారుల డబ్బు కాజేస్తున్నారంటూ, నోయిడాలోని పేటీఎం మాతృసంస్థ 2020లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2018 నిబంధనలను కచ్చితంగా అమలు చేయాలని 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆదేశించింది. మార్చి 8న టెలిఫోన్ కంపెనీలు వడపోత మొదలుపెట్టాయి.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నారు. బిల్లులో కొంత ఆన్‌లైన్లో కట్టాలి. బ్యాంకు పేజీ అంకెలు వేయమని అడుగుతోంది. అంకెలు రావటం లేదు. మళ్లీ పంపమని నొక్కాను, మళ్లీ రాలేదు. బిల్లు కౌంటరు దగ్గర నా ముందున్న పెద్దాయన ఫోన్‌ను కిటికీ దగ్గరకు తీసుకెళ్లి ఎత్తి పట్టుకున్నారు, సిగ్నల్ లేదనుకుని. నా వెనుక నిలబడ్డవారి చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. సిగ్నల్ అందరికీ ఉంది. ఆరోజు దేశమంతటా బ్యాంకుల ఓటీపీలు, టికెట్ల సందేశాలు, ఇతర సేవల సందేశాలు పెద్దసంఖ్యలో దారిలో ఆగిపోయాయి. నమూనా నమోదు చేయనివి కొన్ని. చేసినా పంపిన వాక్యం నమూనాతో సరిపోలనివి మరికొన్ని. మర్నాడే ట్రాయ్ వడపోతను ఏడు రోజులపాటు నిలిపివేసింది. ఆ నెలాఖరులో, ఇంకా నిబంధనలు పాటించని 40 సంస్థల జాబితా ప్రకటించి గడువు పెట్టింది. అందులో పెద్ద బ్యాంకులు కూడా ఉన్నాయి.

తప్పెవరిదన్న చర్చ అప్పుడు చాలా జరిగింది. రెండేళ్లకు పైగా సమయమున్నా నమూనాలు నమోదు చేయని సంస్థలదని ట్రాయ్ అంది. అది నిజమే. నన్ను ఆశ్చర్యపరచింది మాత్రం వేరొకటి. వికేంద్రీకృతమని చెప్పిన వ్యవస్థ ఒక్క ఉదయాన దేశమంతా ఒకేసారి పనిచేయడం మొదలుపెట్టింది. ఒక్క ప్రకటనతో మర్నాడు ఒకేసారి ఆగిపోయింది. ఇది కేంద్రీకృత వ్యవస్థ లక్షణం. ఇలా ఆపగలగడం ఆ రోజున మన అదృష్టం కూడా. ఎవరూ ఆపలేని వ్యవస్థే అయి ఉంటే ఆ పెద్దాయన ఫోన్ ఇంకెన్ని రోజులు కిటికీ దగ్గర ఎత్తి పట్టుకునేవారో!

ఈ పుస్తకం వల్ల ఉపయోగమే లేదని నేననను. ఒకరినొకరు పూర్తిగా నమ్మని నాలుగైదు పోటీ కంపెనీలు ఒకే చిట్టా ఉమ్మడిగా రాసుకోవాలంటే ఇటువంటి ఏర్పాటు అర్థవంతమే. ఒక కంపెనీ దగ్గర నమోదైన ఆరక్షరాల పేరును మరో కంపెనీ దగ్గర ఇంకెవరూ కాజేయలేరు. ఏ సందేశం ఏ చేతుల మీదుగా వచ్చిందో ఆనవాలు పట్టే నిబంధన కూడా, గడువులు పొడిగించి పొడిగించి, 2024 డిసెంబరు నుంచి అమలులోకి వచ్చింది. ఆరక్షరాల పేరు ఎవరిదో ట్రాయ్ వెబ్‌సైటులో మీరే చూసుకోవచ్చు. మంచి సదుపాయం. కానీ గమనించండి: మీరు పుస్తకాన్ని చూడటం లేదు. పుస్తకంలో ఏముందో ట్రాయ్‌ని అడుగుతున్నారు. ఇన్‌ఫ్యూరాను అడిగినట్లే.

మరి మోసాలు? మోసగాళ్లు పుస్తకాన్ని పగలగొట్టలేదు. ఆ అవసరమే వారికి రాలేదు. ఆమోదం పొందిన నమూనాల్లోని ఖాళీ గడుల్లో మోసపు లింకులు పెట్టి పంపారు. వేలిముద్రల గణితం వాక్యం మారలేదనే చెబుతుంది. గడిలో పెట్టింది విషమో అమృతమో దానికి తెలియదు. అందుకని 2024 ఆగస్టులో, ముందుగా ఆమోదించిన లింకులనే అనుమతించాలని ట్రాయ్ ఆదేశించింది. 2025 నవంబరులో, ప్రతి ఖాళీ గడిలో ఏ రకం వివరం వస్తుందో ముందే చెప్పి తీరాలంది. ఇంకొందరు మోసగాళ్లు మామూలు పదంకెల నంబర్లకూ, ఇంటర్నెట్ సందేశాలకూ మారిపోయారు. ఆ దారుల్లో ఈ వడపోత లేదు. 2024 మొదటి ఆరు నెలల్లోనే నమోదు లేని ప్రచారకుల మీద 7.9 లక్షల ఫిర్యాదులు వచ్చాయని ట్రాయ్ ప్రకటించింది. ఆ తర్వాత 2.75 లక్షలకు పైగా కనెక్షన్లు తీసేశారు. తీసేసింది బ్లాక్‌చెయిన్ కాదు, ఆఫీసు ఉత్తర్వు.

విశ్వస్య: మూడు ఊళ్లు, ఒకే ఇల్లు

2024 సెప్టెంబరు 4న కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వశాఖ న్యూఢిల్లీలో జాతీయ బ్లాక్‌చెయిన్ చట్రాన్ని ప్రారంభించింది. దీనికి 64.76 కోట్ల రూపాయలు కేటాయించారు. పరిశోధనలో సీడాక్, ఎన్ఐసీలతో పాటు హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ, ఐఐటీ, ట్రిపుల్ ఐటీలు, చెన్నైలోని సెట్స్ పాలుపంచుకున్నాయి. అసలు వేదిక పేరు విశ్వస్య. ప్రభుత్వ శాఖలు సొంతంగా నోడ్లు పెట్టుకోనక్కర్లేకుండా దీన్ని సేవగా వాడుకోవచ్చు. విద్యార్థులు, చిన్న కంపెనీలు ప్రయోగాలు చేసుకోవడానికి ‘ఎన్‌బీఎఫ్ లైట్’ అనే ఆటస్థలం వంటిది ఉంది. మొబైల్ యాప్ అసలైన తయారీదారు నుంచే వచ్చిందో లేదో తేల్చడానికి ‘ప్రామాణిక్’ ఉంది.

ఇందులో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. విదేశీ కంపెనీ తలుపు అద్దెకు తీసుకోకుండా మన విద్యార్థి మన గడ్డమీద ప్రయోగం చేయగలగడం చిన్న విషయం కాదు. సర్టిఫికెట్లు, కోర్టు కాగితాలు, ఆస్తి పత్రాలు, మందుల రవాణా వంటి వాటికి విడివిడి గొలుసులు రూపొందించారు. ఢిల్లీలోని సీబీఎస్ఈ అంతకుముందే, 2021లో, ఎన్ఐసీతో కలిసి మార్కుల పత్రాలను బ్లాక్‌చెయిన్‌కు ఎక్కించే పని చేపట్టింది. దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగాలు కొట్టేసేవారున్న దేశంలో ఇది ఎంతో అవసరం.

నా అభ్యంతరం నిర్మాణం దగ్గర. విశ్వస్య నోడ్లు భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలోని డేటా కేంద్రాల్లో ఉన్నాయి. భౌగోళికంగా పంపిణీ అయిన వ్యవస్థ అని ప్రభుత్వ ప్రకటన అంటోంది. ఆ మాట అక్షరాలా నిజం. భువనేశ్వర్‌లో తుఫాను వచ్చినా పుణెలో పుస్తకం భద్రంగా ఉంటుంది. అయితే మూడు కేంద్రాలూ ఎన్ఐసీవే. మూడు ఊళ్లలో మూడు పుస్తకాలున్నాయి. వాటి కాపలా మాత్రం ఒకే ఇంటివాళ్లది. ఇది తుఫాను నుంచి కాపాడుతుంది, అగ్నిప్రమాదం నుంచి కాపాడుతుంది, బయటి దొంగ నుంచి కొంతవరకు కాపాడుతుంది. లోపలి చేయి నుంచి ఎలా కాపాడుతుంది? మూడు నకళ్లను పోల్చి చూసేదీ ఆ ఇంటివారే కదా.

దీనికి ఒక జవాబు వినిపిస్తుంది. ప్రభుత్వాన్ని నమ్మనివారు ఎవరు, నమ్ముతాం కదా అని. నమ్మితే మంచిదే. కానీ అప్పుడు బ్లాక్‌చెయిన్ ఎందుకు? 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. బోర్డు సంతకం చేసిన మార్కుల పత్రాన్ని ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఒక్క అంకె మారినా సంతకం చెల్లదు. బోర్డును నమ్మేవారికి అది చాలు. పాత రాతను తర్వాతెవరూ, బోర్డు కూడా, రహస్యంగా దిద్దలేదని తెలియాలనుకునే వారికే బ్లాక్‌చెయిన్ అదనంగా ఏదైనా ఇవ్వగలదు. అది ఇవ్వాలంటే పుస్తకం బయటివారి దగ్గర కూడా ఉండాలి. విశ్వవిద్యాలయాలు, హైకోర్టులు, రాష్ట్ర ప్రభుత్వాలు తలా ఒక నోడ్ నడిపితే ఆ మాటకు బలం వస్తుంది.

దిద్దలేని తప్పు

భూమి పత్రాల దగ్గర ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. 2017లో విశాఖపట్నంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భూరికార్డులను బ్లాక్‌చెయిన్‌కు ఎక్కించే ప్రయోగాన్ని ప్రకటించింది. స్వీడన్ కంపెనీ క్రోమావే అందులో భాగస్వామి. రికార్డును ఇక ఎవరూ దిద్దలేరు అన్నది అప్పటి ప్రచారంలో ముఖ్యాంశం. వినడానికి బాగుంది. కానీ ఎక్కించిన రోజునే రికార్డు తప్పయితే?

తెలంగాణ పాఠకులకు ఈ ప్రశ్న విడమరచి చెప్పనక్కర్లేదు. 2020 అక్టోబరులో మొదలైన ధరణి బ్లాక్‌చెయిన్ కాదు, మామూలు కేంద్రీకృత పోర్టలే. దానితో పాటు వచ్చిన 2020 చట్టం రెవెన్యూ కోర్టులను తీసేసింది. పేరు తప్పుపడిన రైతుకు, విస్తీర్ణం తగ్గిన రైతుకు, పొరపాటున నిషేధిత జాబితాలోకి వెళ్లిన రైతుకు తహసీల్దారు దగ్గర దిద్దించుకునే దారి లేకపోయింది. ఆఫీసు మండలంలోనే ఉంది. దిద్దే మీట మరెక్కడో ఉంది. 2025లో వచ్చిన భూభారతి చట్టం సవరణలకూ, రెండంచెల అప్పీళ్లకూ మళ్లీ వీలు కల్పించింది. మామూలు పోర్టల్‌లోనే దిద్దుబాటుకు ఇన్నేళ్లు పడితే, దిద్దలేకపోవడమే గొప్ప అని చెప్పుకునే పుస్తకంలో రైతు గతేమిటి? నిపుణుల జవాబు నాకు తెలుసు: పాత రాతను చెరపకుండా దాని కింద సవరణ రాయవచ్చు. నిజమే. అయితే ఆ సవరణ రాసే హక్కు ఎవరిది, ఎన్నాళ్లలో రాయాలి, కాదంటే అప్పీలు ఎక్కడ అన్నవి గణితం తేల్చే విషయాలు కావు. వాటిని చట్టంలో రాసుకోవాలి.

చవకైన జమాబందీ

చివరగా ఒక పాత కథ. బిట్‌కాయిన్ కంటే చాలా ముందు, 1991లో, అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలకు చెందిన స్టువర్ట్ హేబర్, స్కాట్ స్టోర్నెట్టా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సమస్య తీసుకున్నారు: డిజిటల్ పత్రం ఫలానా తేదీకి ఉందని, ఆ తర్వాత మారలేదని నిరూపించడం ఎలా? పత్రాల వేలిముద్రలను ఒకదానితో ఒకటి గొలుసు కట్టడం వారి పరిష్కారం. బిట్‌కాయిన్ పత్రం చివర ఉన్న ఎనిమిది ఆధారాల్లో మూడు వీరి వ్యాసాలే. వీరు పెట్టిన ష్యూరిటీ కంపెనీ 1995 నుంచి గొలుసు మొత్తానికి వచ్చే వేలిముద్రను వారానికోసారి న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో అచ్చువేయించేది. ఎస్తోనియాలో పుట్టిన గార్డ్‌టైమ్ కూడా ఇలాగే ఫైనాన్షియల్ టైమ్స్‌లో వేయిస్తూ వచ్చింది. కంపెనీ తన పాత పుస్తకాన్ని దిద్దాలంటే లోకంలోని గ్రంథాలయాలన్నిటిలో ఉన్న ఆనాటి పత్రికలను కూడా దిద్దాలి. వేల నోడ్లు లేవు, టెరాబైట్ల డిస్కులు లేవు. పత్రిక కొన్న ప్రతివాడి దగ్గరా జమాబందీ కాగితం ఉన్నట్లే.

విశ్వస్య గొలుసుల వేలిముద్రను, ఎస్సెమ్మెస్ పుస్తకం వేలిముద్రను ఇలా వారానికోసారి గెజెట్‌లోనూ, ప్రాంతీయ భాషల్లో ఒక్కో దినపత్రికలోనూ అచ్చువేస్తే ఎంత ఖర్చవుతుంది? అరవై నాలుగు అక్షరాల పొడవు ప్రకటన. పెళ్లి సంబంధాల ప్రకటన కంటే చిన్నది. మీ ఊళ్లో గ్రంథాలయం ఉంటే చాలు, అందులో పాత పత్రికలు కట్టలు కట్టి దాచే అలవాటుంటే చాలు. పదేళ్ల తర్వాత మీ అమ్మాయి మార్కుల పత్రం మీదో, మీ పొలం సర్వే నంబరు మీదో వివాదం వస్తే, ఆ కట్ట విప్పి, దుమ్ము దులిపి, ఆ అరవై నాలుగు అక్షరాలను కంప్యూటర్‌లోని వాటితో పోల్చి చూసుకోవచ్చు, ఎన్ఐసీని అడగకుండానే.